డాక్టరమ్మ పేజీ: బెంగకు పదిమంది తోడు



పోయిన నెల మోకాళ్ల నొప్పుల గురించి రాశాం. చదివి ఫోను చేసినవారందరికీ కృతజ్ఞతలు. ఈ నెల చక్కెర వ్యాధి గురించి రాస్తామని మాట ఇచ్చాం గాని, దాన్ని వచ్చే నెలకు వాయిదా వేస్తున్నాం. చక్కెర వ్యాధి ఎక్కడికీ పారిపోదు; మన ఇళ్లలో మైసూర్‌పాకు ఉన్నంతకాలం అదీ ఉంటుంది. ఈసారి రాయబోయేది మేము గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకున్న పుస్తకాల్లో పేరు కూడా లేని ఒక బాధ గురించి. అది మా ఇంట్లోకే వచ్చి కూర్చుంది కనక, ఎవరో రోగి కథలాగా కాకుండా మా కథగానే చెప్పుకుంటాం.

2023 జూన్ 27, మంగళవారం. షికాగో చుట్టుపక్కల ఉన్నవారికి ఆ రోజు గుర్తుండే ఉంటుంది. కెనడా అడవుల్లో రేగిన మంటల పొగ వందల మైళ్లు దాటి వచ్చి మన నెత్తిన కూర్చుంది. ఆ రోజు ప్రపంచంలోని పెద్ద నగరాలన్నిటిలోకీ గాలి పాడైపోయింది షికాగోలోనే అని వార్తల్లో చెప్పారు. మధ్యాహ్నానికే సూర్యుడు కుంకుమ బొట్టులాగా కనిపించాడు. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్లు. వేసవి క్యాంపులో పిల్లల్నెవరినీ బయటికి వదల్లేదట. రాత్రి పక్కమీద పడుకుని, "అమ్మా, నేను పెద్దయ్యాక బయట ఆడుకోవడానికి గాలి ఉంటుందా?" అని అడిగింది.

మేమేం చెప్పాం? "అవన్నీ పెద్దవాళ్లు చూసుకుంటారులే, పడుకో" అన్నాం.

పిల్ల నిద్రపోయాక వంటింట్లో బల్ల దగ్గర మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని, చెరో ఫోను పట్టుకుని, రాత్రి ఒంటిగంట దాకా అవే వార్తలు చదివాం. ఎక్కడ ఎంత అడవి కాలింది, ఏ మంచు ఎంత కరిగింది. ఒకరికొకరం చదివి వినిపించుకోలేదు కూడా. ఎవరి బెంగ వారిదే. పెద్దవాళ్లు చూసుకుంటారని పిల్లకు చెప్పాం గదా, ఆ పెద్దవాళ్లెవరా అని ఆలోచిస్తే, ఈ ఇంట్లో పెద్దవాళ్లం మేమే! మేము చూసుకుంటున్నదల్లా ఫోను.

ఆ తరవాత రెండు నెలలు పిల్లకు నిద్ర సరిగా లేదు. వాన గట్టిగా పడితే లేచి కూర్చునేది. టీవీలో తుఫాను కనిపిస్తే అమ్మమ్మగారి ఊరు మునిగిపోయిందా అని అడిగేది. రోజూ ఎందరికో నిద్రలేమికి సలహాలు చెప్పే మేము సొంత బిడ్డకు ఏం చెప్పాలో తెలియక, ఒకరోజు శాస్త్రం చెప్పాం, ఒకరోజు కసిరాం, ఒకరోజు ఐస్‌క్రీము కొనిపెట్టాం.

ఇది మా ఇంటి వింత కాదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారు 2017లో వేసిన ఒక నివేదికలో ఈ బెంగను పేరు పెట్టి ప్రస్తావించారు. 2021లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ అనే వైద్య పత్రికలో ఒక పెద్ద సర్వే వచ్చింది. ఇండియా, అమెరికా సహా 10 దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ల వయసున్న 10,000 మందిని అడిగారు. వాతావరణ మార్పు గురించి చాలా ఆందోళనగా ఉన్నామన్నవారు నూటికి 59 మంది. ఆ దిగులు తమ రోజువారీ పనులకే అడ్డం వస్తోందన్నవారు నూటికి 45కి పైనే. మన ఇళ్లలో కాలేజీకి వెళ్లే పిల్లలంతా ఆ వయసువాళ్లే గదా!

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. ఈ బెంగ జబ్బు కాదు. మానసిక వ్యాధుల జాబితాలో ఇది లేదు. ఎదుట పాము కనిపిస్తే గుండె దడదడలాడటం జబ్బు కానట్టే, ఉన్న ప్రమాదాన్ని చూసి దిగులుపడటమూ జబ్బు కాదు. 2024వ సంవత్సరం అప్పటిదాకా నమోదైన ఏళ్లన్నిటిలోకీ వేడి అయినదని, పారిశ్రామిక యుగానికి ముందటి కాలంకన్నా సుమారు 1.55 సెంటీగ్రేడు డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. అది తెలిసినవాడికి దిగులు కలగకపోతేనే ఆశ్చర్యం. అయితే పాము ఎదురైనప్పుడు కర్ర తీసుకుంటాం, లేదా పరుగెడతాం, లేదా పదిమందిని కేకేస్తాం. ఈ బెంగతో వచ్చిన చిక్కల్లా, కర్ర ఎక్కడుందో, ఎవరిని కేకేయాలో తెలియక, ఉన్నచోటనే బిగుసుకుపోయి కూర్చోవడం.

మాకు ఆ కేక ఎలా వేయాలో నేర్పింది మా పక్కింటావిడ. అదీ మా తప్పు వల్ల నేర్చుకున్నాం.

ఆ వేసవి మా అమ్మ మా దగ్గర ఉంది. ఆగస్టు 24న ఓహేర్ విమానాశ్రయం దగ్గర ఉష్ణోగ్రత 100 డిగ్రీలు తాకింది. మేము ఆ రోజు క్లినిక్కుకు వచ్చిన పెద్దవాళ్లందరికీ "నీళ్లు తాగుతూ ఉండండి, ఏసీ ఆపకండి" అని పొద్దుటినుంచీ పాఠం చెబుతూనే ఉన్నాం. మా ఇంట్లో పెద్దావిడకు మాత్రం చెప్పలేదు. మావారు ఆఫీసుకు, పిల్ల బడికి వెళ్లిపోయాక, "ఒక్క మనిషికి ఇంత కరెంటు ఎందుకు దండగ" అని అమ్మ ఏసీ ఆపేసింది. ఈ దేశపు కిటికీలు తెరవడం ఆవిడకు చేతకాదు. పైగా రక్తపోటుకు నీటిమాత్ర వేసుకుంటుంది. మధ్యాహ్నం మూడింటికి తల తిరిగి సోఫాలో పడుకుండిపోయింది.

పక్కింటి అమెరికన్ ఆవిడకు ఎనభై ఏళ్లు దాటాయి. తలుపు గంట కొట్టి, ఎవరూ పలక్కపోయేసరికి వెనకవైపు వచ్చి అద్దంలోంచి చూశారట. అద్దంమీద తట్టి, అమ్మచేత తలుపు తీయించి, చెయ్యి పట్టుకుని తమ ఇంటికి తీసుకుపోయి, తడిగుడ్డలు వేసి, నీళ్లు తాగించి, మాకు ఫోను చేశారు. అమ్మకు వచ్చిన ఇంగ్లీషు "యస్, నో, థాంక్యూ" వరకే. ఆవిడకు తెలుగు ఒక్క ముక్క రాదు. మేము గాభరాగా పరుగెత్తుకు వెళ్లేసరికి ఇద్దరూ నిమ్మరసం తాగుతూ, ఒకరి మనవల ఫోటోలు ఒకరికి చూపించుకుంటున్నారు!

మేము కృతజ్ఞతలు చెప్పబోతే ఆవిడ, "ఇందులో ఏముంది? తొంభై అయిదు నుంచీ నాకిది అలవాటు. వేడి పెరిగితే మన వీధిలో తలుపులన్నీ తట్టి వస్తాను" అన్నారు.

ఈ తొంభై అయిదు సంగతి మనలో ఎందరికి తెలుసు? ఇన్నేళ్లుగా షికాగో గాలి పీలుస్తూ డాక్టర్లమని చెప్పుకుంటున్న మాకే సరిగా తెలియదు. ఆ రాత్రి కూర్చుని చదివాం.

1995 జూలై 13న మిడ్‌వే విమానాశ్రయం దగ్గర 106 డిగ్రీలు. రాత్రుళ్లు కూడా వేడి తగ్గలేదు. వేల ఇళ్లకు కరెంటు పోయింది. శవాలు పెట్టడానికి చోటు చాలక మెడికల్ ఎగ్జామినర్ కార్యాలయం బయట రిఫ్రిజిరేటర్ ట్రక్కులు వరసగా నిలబెట్టారు. ఆ వారంలో మామూలుగా జరిగేవాటికన్నా 739 మరణాలు ఎక్కువగా జరిగాయని తరవాత లెక్క తేలింది. చాలామంది మూసిన తలుపుల వెనక ఒంటరిగా పోయినవారే. కొందరి శవాలకోసం ఎవరూ రాలేదు.

ఎవరు పోయారు, ఎవరు బతికారు అని శాస్త్రజ్ఞులు ఇంటింటికీ తిరిగి విచారించారు. ఆ పరిశీలన 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. పనిచేసే ఏసీ ఉన్నవాళ్లు బతికారు. అది అందరూ ఊహించేదే. దానితోపాటు తేలిందేమిటంటే, ఒంటరిగా ఉన్నవాళ్లకు, రోజూ గడప దాటనివాళ్లకు ముప్పు ఎక్కువ. వచ్చీపోయే స్నేహితులున్నవాళ్లకు తక్కువ. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త 2002లో "హీట్ వేవ్" అనే పుస్తకంలో ఇంకొక సంగతి చెప్పారు. నార్త్ లాండేల్, లిటిల్ విలేజ్ అని పక్కపక్కనే ఉన్న రెండు పేటలు. రెండింటిలోనూ పేదలైన, ఒంటరివారైన ముసలివాళ్లు ఇంచుమించు ఒకే పాళ్లలో ఉన్నారు. ఎండ ఒకటే. అయినా మొదటి పేటలో లక్షకు 40 మంది పోతే, రెండోదానిలో లక్షకు 4 మంది. లిటిల్ విలేజ్‌లో వీధినిండా కొట్లు, జనం, సందడి. ముసలివాళ్లు బయటికి రావడానికి జంకరు, చల్లటి కొట్లో కాసేపు నిలబడతారు, పలకరించే మనిషి ఉంటాడు. నార్త్ లాండేల్‌లో పరిశ్రమలు మూతపడి, కొట్లు పోయి, వీధులు ఖాళీ అయి, ఉన్నవాళ్లు భయంతో తలుపులు బిగించుకున్నారు.

1999లో మళ్లీ పెద్ద వేడి వచ్చింది. ఈసారి నగరపాలకులు ముందే హెచ్చరించారు, చల్లటి హాళ్లు తెరిచారు, ఒంటరి ముసలివారికి ఫోన్లు చేయించారు, ఇళ్లకు మనుషుల్ని పంపించారు. వేడి అంతటిది కాకపోవచ్చుగాని, మరణాలు 110 ప్రాంతంలో ఆగాయి.

ఇదంతా మేము భోజనాల దగ్గర మాట్లాడుకుంటుంటే అమ్మ వింటూ కూర్చుంది. కాసేపటికి, "మా దివిసీమలోనూ అంతేగా" అంది.

మా అమ్మ పుట్టిల్లు నాగాయలంక దగ్గర ఒక పల్లె. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడకు పదమూడేళ్లు. మాకు చిన్నప్పటినుంచీ ఆ సంగతి ముక్కలు ముక్కలుగా తెలుసు. అడిగితే ఏడుస్తుందని ఎప్పుడూ అడగలేదు. ఆ రాత్రి తనంతట తనే మనవరాలికి చెప్పింది. గాలికి పాక కప్పు లేచిపోవడం, సముద్రం హోరు దగ్గరికి రావడం, ఊళ్లో ఉన్న ఒక్క దాబామీదికి ఇంటాయన కేకలేసి అందర్నీ ఎక్కించుకోవడం. కులమడగలేదు, పాత తగాదాలు తలవలేదు. తడిసిన చీరలు ముడేసి పిల్లల్ని మధ్యలో కూర్చోబెట్టి, తెల్లవార్లూ పేర్లు పిలుచుకుంటూ ఉన్నారట, ఎవరైనా జారిపోతే తెలియాలని. తెల్లవారేసరికి ఊరు లేదు. ఆవిడ మేనత్త ఇల్లు ఊరికి దూరంగా ఉండేది. ఆ ఇంట్లో ఒక్కరూ మిగల్లేదు.

ఆ ఉప్పెనలో పోయినవారు ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు పదివేలు. ఇంకా చాలా ఎక్కువని ఆ ప్రాంతంవారు చెబుతారు. ఆ తరవాత తీరం పొడుగునా తుఫాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికలు పల్లెలకు చేరే ఏర్పాట్లు చేశారు, ఊళ్లు ఖాళీ చేయించడం నేర్చుకున్నారు. 1990 మే నెలలో దాదాపు అంత బలమైన తుఫానే వచ్చింది. ఈసారి లక్షలమందిని ముందుగానే తరలించారు. అప్పుడు పోయినవారు వెయ్యికి లోపే. ఆ వెయ్యి ప్రాణాలూ చిన్న లెక్కేమీ కాదు గాని, సముద్రం మారకపోయినా మనుషులు మారితే ఎంత తేడా వస్తుందో చూడండి.

పిల్ల అంతా విని, "నీకు భయం వెయ్యలేదా అమ్మమ్మా?" అని అడిగింది.

"ఎందుకు వెయ్యలేదూ? ఇప్పటికీ గాలి హోరుమంటే వేస్తుంది. భయపడ్డవాళ్లమే బతికామే, బుజ్జీ. భయపడి ఒకళ్లనొకళ్లం కేకేసుకున్నాం" అంది అమ్మ.

మేము రెండు నెలలుగా పిల్లకు చెప్పలేకపోయిన మాట అదే. భయపడొద్దని చెప్పాం. భయపడవచ్చు, ఒక్కదానివే కూర్చుని భయపడొద్దు అని చెప్పాల్సింది.

సెప్టెంబరులో మన సంఘం నెలవారీ సమావేశంలో, సమోసాలు అయిపోయి అందరూ కారు తాళాలు తడుముకునే వేళకు, "ఇతర విషయాలు" కింద ఈ సంగతి ఎత్తాం. ఒక పెద్దాయన నవ్వి, "డాక్టరుగారూ, రామగుండం ఎండలో పెరిగినవాళ్లం మేము. షికాగో ఎండ మమ్మల్నేం చేస్తుంది?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. 2015 మే నెలలో ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల్లో వడదెబ్బకు పదిహేడు వందలమందికి పైగా పోయారని అక్కడి ప్రభుత్వాలే చెప్పాయి. కనక ఎండకు మనవాళ్లమీద ప్రత్యేక దయ ఏమీ లేదు. అదీగాక రామగుండంలో ఆయనకు వరండా ఉంది, కుండలో నీళ్లున్నాయి, ఉదయం పాలవాడినుంచి సాయంత్రం పేకాట స్నేహితులదాకా తొంగిచూసే మనుషులున్నారు. ఇక్కడ? చెక్కతో బిగించి కట్టిన ఇల్లు, అర్థంకాని థర్మోస్టాటు, కారు నడపడం రాదు, పక్కింటివాళ్ల పేరు తెలియదు. కొడుకూ కోడలూ వచ్చేది సాయంత్రం ఆరింటికి. మన పిలుపుమీద వచ్చిన తల్లిదండ్రుల్ని, తెలియకుండానే మనం నార్త్ లాండేల్‌లో పెట్టి తలుపులు వేసి వెళ్తున్నాం. ఈ మాట అనగానే హాల్లో చప్పుడు ఆగిపోయింది. కారు తాళాలు మళ్లీ జేబుల్లోకి వెళ్లాయి.

ఆ రోజు పుట్టిందే మన "పలకరింపు పట్టీ". కొత్త సభ్యులకోసం దాని సంగతి మళ్లీ చెబుతాం. పగలు ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల పేర్లు ఒక కాగితంమీద ఉంటాయి. వాతావరణ శాఖ వేడి హెచ్చరిక ఇచ్చిన రోజున ఒక్కొక్క కుటుంబం రెండేసి ఇళ్లకు పదకొండు గంటలకు ఒకసారి, నాలుగింటికి ఒకసారి ఫోను చేస్తుంది. మూడే ప్రశ్నలు: ఏసీ నడుస్తోందా? నీళ్లు తాగారా? తల తిరగడం, వాంతి వంటివి ఏమైనా ఉన్నాయా? రెండుసార్లు ఫోను మోగినా ఎత్తకపోతే, దగ్గర్లో తాళంచెవి ఉన్నవారు వెళ్లి చూస్తారు. చలికాలంలో కరెంటు పోయినా ఇదే పద్ధతి.

ఫోన్లు చేసే పని పిల్లలు తీసుకున్నారు. తాతగార్లకూ అమ్మమ్మలకూ పిల్లల గొంతు వినపడితే అంతకన్నా ఏం కావాలి? మన పిల్లల తెలుగు సంగతి మీకు తెలిసిందే. "తాతగారూ, నువ్వు నీళ్లు తాగారా?" అని మా అమ్మాయి మొదటి రోజు అడిగింది. అవతలి తాతగారు ముందు మర్యాదా వాచకాలు పాఠం చెప్పి, ఆ తరవాతే నీళ్లు తాగారట.

2024, 2025 వేసవుల్లో ఈ పట్టీ పనిచేసింది. ఒకసారి ఒక మామగారు ఎంతకీ ఫోను ఎత్తకపోతే ముగ్గురు పరుగెత్తారు. ఆయన చెవుల్లో గొట్టాలు పెట్టుకుని సీరియల్ చూస్తున్నారు. ఇంకొకసారి అది నవ్వులాట కాలేదు. ఒక ఇంట్లో ఏసీ పాడైంది, అల్లుడుగారు ఊళ్లో లేరు, ఇంట్లో దంపతులిద్దరికీ డెబ్బై దాటాయి. ఎవరినీ ఇబ్బంది పెట్టడం ఎందుకని చెప్పకుండా కూర్చున్నారు. పదకొండు గంటల ఫోనుకు తెలిసింది. రెండు రోజులు మా ఇంట్లో ఉన్నారు. వెళ్లేటప్పుడు మా అమ్మాయికి అష్టాచెమ్మా నేర్పి వెళ్లారు. పక్కింటి ఆవిడా, ఆవిడ స్నేహితురాళ్లు నలుగురూ కూడా ఇప్పుడు మన పట్టీలో ఉన్నారు; వాళ్లకు ఫోను చేసేటప్పుడు మాత్రం మర్యాదా వాచకాల బెడద లేదు.

"సరే, దీనివల్ల భూమి చల్లబడుతుందా?" అని అడుగుతారు. చల్లబడదు. పలకరింపు పట్టీ ప్రాణాలు కాపాడుతుంది గాని పొగ తగ్గించదు. ఆ పనికి ఇంకా పెద్ద గుంపులు కావాలి, పెద్ద నిర్ణయాలు కావాలి. కాని ఒక పని చేసిన చేతులు ఊరుకోవు. మా అమ్మాయి బడి ముందు డీజిల్ బస్సులు ఇంజను ఆపకుండా నిలబడి ఉండేవి. డీజిల్ పొగ ఆస్తమా ఉన్న పిల్లలకు మంచిది కాదని డాక్టరుగా మాకు తెలుసు. తెలిసి ఏళ్ల తరబడి ఊరుకున్నాం. ఫోను చేసే పిల్లలే నలుగురు, వాళ్ల బడి స్నేహితులు ఇంకొందరు కలిసి స్కూలు బోర్డు సమావేశానికి వెళ్లారు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. మేము వెనక వరసలో కూర్చున్నాం. ఇన్నేళ్లుగా ఈ దేశంలో ఉంటూ పన్నులు కడుతున్న మాకు అదే మొదటి బోర్డు సమావేశం! బస్సులు నిలిచినప్పుడు ఇంజను ఆపాలని బోర్డువారు ఆజ్ఞ ఇచ్చారు. కరెంటు బస్సుల సంగతి ఆలోచిస్తామన్నారు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు. పిల్లలు ఇంకా వెళ్తూనే ఉన్నారు.

ఇలా పదిమందితో కలిస్తే బెంగ తగ్గుతుందనడానికి ఆధారం ఉందా అని మా తోటి డాక్టర్లు అడగవచ్చు. 2022లో కరెంట్ సైకాలజీ అనే పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. 284 మంది విద్యార్థుల్ని అడిగారు. వాతావరణం గురించిన బెంగ ఎక్కువగా ఉన్నవారిలో కుంగుబాటు లక్షణాలూ ఎక్కువగా కనిపించాయి. కాని నలుగురితో కలిసి ఏదైనా చేస్తున్నవారిలో ఆ ముడి బలహీనంగా ఉంది. ఒంటరిగా చేసే పనులకు, అంటే ఎవరింట్లో వారు చెత్త వేరుచేసుకోవడంవంటివాటికి, ఆ గుణం కనిపించలేదు. ఇది ఒక్క పరిశీలన. ఒకే సమయంలో అడిగినది కనక కారణమేదో, ఫలితమేదో తేల్చి చెప్పలేదు. మందులషాపులో చీటీలాగా రాసివ్వలేం గాని, మా ఇంట్లో చూసినదానికి ఇది సరిపోయింది.

మనకన్నా ఎక్కువ భయపడవలసినవారు ఏం చేస్తున్నారో కూడా చూడాలి. జహీరాబాదు ప్రాంతంలో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీవారి మహిళా సంఘాల గురించి వినే ఉంటారు. ఎక్కువమంది పేద దళిత స్త్రీలు. వాన నమ్మకం లేని నేలలో జొన్న, కొర్ర, సజ్జవంటి పంటలన్నీ కలిపి వేస్తారు. ఒకటి పోయినా ఇంకొకటి నిలుస్తుందని. విత్తనాలు తామే దాచుకుని ఒకరికొకరు పంచుకుంటారు. 2008లో సొంత రేడియో కూడా పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ బహుమతి వారికి వచ్చింది. వాన పడదేమోనన్న బెంగ వారికి తరతరాలనుంచీ ఉంది. వారు దాన్ని సంఘంలో పెట్టి పంచుకున్నారు. పెద్ద చదువులు చదివిన మనం దాన్ని ఫోన్లో పెట్టుకుని చదువుకుంటున్నాం.

ఇక డాక్టరమ్మ పేజీ కనక నాలుగు వైద్యం ముక్కలు. నీటిమాత్రలు, మనసుకు వాడే కొన్ని మందులు, అలర్జీ మాత్రలు కొన్ని వేడికి ఒళ్లు తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. పెద్దవాళ్ల మందుల పట్టీ ఒకసారి మీ డాక్టరుకు చూపించండి, మీ అంతట మీరు మాత్రం ఆపకండి. ఎండ తొంభైల చివరికి చేరాక ఫ్యాను ఒక్కటే చాలదు. లైబ్రరీకో, గుడికో, పక్కింటికో తీసుకువెళ్లండి. మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బ: వెంటనే 911కు ఫోను చేసి, వచ్చేలోగా ఒళ్లు తడిపి చల్లబరచండి. ఇక బెంగ సంగతి. పిల్లలకు గాని మీకు గాని వారాల తరబడి నిద్ర, తిండి, చదువు చెడిపోతుంటే, లేదా బతికి ప్రయోజనం లేదన్న మాట వినిపిస్తే, సంఘం పని చాలదు, డాక్టరు కావాలి. 988కు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

మా అమ్మాయికి బెంగ పూర్తిగా పోయిందా? పోలేదు. గట్టిగా వాన పడితే ఇప్పటికీ మా గదిలోకి వస్తుంది. కాని ప్రశ్న మారింది. ఇదివరకు "ఏమవుతుంది?" అని అడిగేది. ఇప్పుడు "ఎవరికి ఫోను చేద్దాం?" అని అడుగుతోంది. మేమూ రాత్రిపూట ఫోన్లు వంటింటి సొరుగులో పెట్టేస్తున్నాం. పగలు వాటితో చేయవలసిన పని ఉంది గదా.

ఈ వేసవికి పలకరింపు పట్టీ మళ్లీ రాస్తున్నాం. మీ ఇంటికి అమ్మానాన్నలు, అత్తమామలు వస్తుంటే వారి పేర్లు, వచ్చే తేదీలు మన కార్యదర్శిగారికి ఇవ్వండి. ఫోను చేయగల పిల్లలున్నా పేర్లివ్వండి. తెలుగు తప్పులు దిద్దే పూచీ తాతగార్లది. మీ వీధిలో ఒంటరిగా ఉండే అమెరికన్ పెద్దవాళ్లెవరైనా ఉంటే ఈ ఆదివారమే తలుపు తట్టి పరిచయం చేసుకోండి. పులిహోర పట్టుకెళ్లండి, కారం తగ్గించి.

వచ్చే నెల తప్పకుండా చక్కెర వ్యాధి. అంతవరకు సెలవు.